క్రైస్తవ రక్షణ, జైన మోక్షం: ఎంచుకునే ముందు ఆలోచించవలసినవి

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థానికి వెళ్ళేవారిలో చాలామంది రాములవారిని దర్శించుకుని తిరిగి వస్తారు. అక్కడి దుర్గకొండ మీద రాతిచరియల కింద జైన తీర్థంకరుల (మోక్షమార్గం చూపిన మహాపురుషుల) శిల్పాలు ఉన్నాయనీ, 11వ శతాబ్దం తొలినాళ్ళలో వేంగిని ఏలిన విమలాదిత్యుని కాలంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఆ కొండకు నమస్కరించినట్టు శాసనం ఉందనీ తెలిసినవారు తక్కువ. క్రైస్తవం సంగతి అలా కాదు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వారితోనూ, 1874లో కాకినాడలో మొదలై తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండలకు విస్తరించిన కెనడా బాప్టిస్టు మిషన్ వారితోనూ, సాలూరు, పార్వతీపురం వైపు పనిచేసిన లూథరన్లతోనూ మొదలైన సంఘాలు ఈనాడు మన పల్లెల్లో ప్రతి ఆదివారం కూడుతున్నాయి. కాబట్టి కళింగాంధ్రలో పుట్టినవారికి ఈ రెండు మార్గాల్లో ఒకటి పక్కవీధిలో వినిపించేది, మరొకటి కొండ మీద రాతిలో మిగిలినది. వినపడేదే నిజమనుకోవడమూ, పాతదే గొప్పదనుకోవడమూ రెండూ తొందరపాటే అవుతాయి.

ఈ రెండింటి మధ్య నిజంగా తేల్చుకోవాలనుకునే చదువరి కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గర ఇలాంటి చర్చ రాగానే ఎవరో ఒకరు అన్ని మతాల గమ్యమూ ఒక్కటేనని చెప్పి చర్చను ముగిస్తారు. ఆ మాటలో సహృదయత ఉంది గాని, ఎంపిక చేసుకోవలసినవారికి అది అక్కరకు రాదు. ఈ రెండు మార్గాలు మనిషి రోగాన్ని వేరువేరుగా గుర్తించాయి, చికిత్స వేరువేరుగా చెప్పాయి, స్వస్థత అంటే ఏమిటో కూడా వేరువేరుగా నిర్వచించాయి. నన్ను విడిపించవలసింది మరొకరా, నేనేనా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఇవి పూర్తిగా విడిపోతాయి. ఆ ప్రశ్నకు మీ మనస్సాక్షి ఇచ్చే సమాధానాన్ని బట్టే ఎంపిక జరగాలన్నది నా అభిప్రాయం.

బంధం ఎక్కడుంది?

క్రైస్తవంలో మనిషిని బంధించింది పాపం. పాపమంటే చేసిన తప్పుల పట్టిక మాత్రమే కాదు, తనను సృష్టించిన దేవునితో ఉండవలసిన సంబంధం తెగిపోయిన స్థితి. తప్పు ఎవరి పట్ల జరిగిందో ఆ వ్యక్తి అక్కడ ఉన్నాడు, బాధపడతాడు, తీర్పు తీరుస్తాడు, క్షమిస్తాడు కూడా. అందువల్ల విడుదల అంటే ముందుగా ఆ సంబంధం తిరిగి కుదరడం. మనిషి తన వైపు నుంచి దాన్ని కుదుర్చుకోలేడు గనుక దేవుడే క్రీస్తు రూపంలో వచ్చి, సిలువ మీద ఆ భారాన్ని తాను మోసి, మృత్యువును జయించి లేచాడని క్రైస్తవులు నమ్ముతారు. మనిషి చేయవలసింది మారుమనస్సు పొంది ఆ కృపను విశ్వాసంతో అందుకోవడం.

జైనంలో సృష్టికర్త లేడు. లోకం ఎవరూ చేసింది కాదు, దానికి మొదలు లేదు. జీవుడు స్వభావరీత్యా అనంతమైన జ్ఞానం, దర్శనం, సుఖం, శక్తి కలవాడు. అయితే అనాదిగా అతనికి కర్మ అంటుకుని ఉంది. ఇక్కడ కర్మ అంటే పాపపుణ్యాల లెక్క కాదు, నిజమైన పదార్థమే, అతిసూక్ష్మమైన పుద్గలం. మనసుతో, మాటతో, శరీరంతో చేసే ప్రతి చేష్టా దాన్ని జీవుని వైపు లాగుతుంది. క్రోధం, గర్వం, కపటం, లోభం అనే కషాయాలు దాన్ని అంటుకునేలా చేస్తాయి. నూనె రాసుకున్న ఒంటికి ధూళి పట్టినట్టు అని జైనాచార్యులే పోలిక చెప్పారు. ఎనిమిది విధాలైన కర్మల్లో నాలుగు ఆత్మ స్వభావాన్నే కప్పివేస్తాయి. అవి పోతే సర్వమూ తెలిసే కేవలజ్ఞానం, మిగిలిన నాలుగూ ఆయుష్షుతో పాటు పోతే మోక్షం. కొత్త కర్మ రాకుండా ఆపడం సంవరం, పాతదాన్ని తపస్సుతో రాల్చడం నిర్జర. సమ్యగ్దర్శనం (సరైన దృష్టి), సమ్యగ్జ్ఞానం (సరైన జ్ఞానం), సమ్యక్చారిత్రం (సరైన నడవడి) మూడూ కలిస్తేనే మోక్షమార్గమని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం మొదటి సూత్రంలోనే చెప్పాడు. ఇందులో క్షమించేవాడు గాని, తీర్పు తీర్చేవాడు గాని ఎవరూ లేరని గమనించాలి. మనం ఎవరినీ నొప్పించకపోతే దేవుడు సంతోషిస్తాడని కాదు, నొప్పించిన క్షణంలోనే మన ఆత్మకు మట్టి అంటుకుంటుందని జైనం చెబుతుంది.

రెండు మతాలూ తోసిపుచ్చిన ఆలోచనలు

ఒక మతం ఏం చెప్పిందో చూడటం కంటే దేన్ని కాదన్నదో చూడటం కొన్నిసార్లు ఎక్కువ తేటగా ఉంటుంది. ఈ రెండింటి విషయంలో అలాంటి సందర్భాలు రెండు ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని ప్రతి చదువరికీ గట్టిగా చెబుతాను.

క్రైస్తవంలో ఐదో శతాబ్దపు ఆరంభంలో పెలాజియస్ అనే సన్యాసి, మనిషికి మంచిని ఎంచుకునే శక్తి దేవుడు ముందే ఇచ్చాడు గనుక అతడు పట్టుదలతో పాపం లేకుండా జీవించగలడని బోధించాడు. అతడు బద్ధకస్తుల క్రైస్తవాన్ని చూసి విసిగిన నిష్ఠాపరుడు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ అతన్ని ఎదిరించాడు. మనిషి సంకల్పమే రోగగ్రస్తమైనప్పుడు ఆ సంకల్పంతోనే రోగం నయం కాదని, కృప లేనిదే మంచిని కోరడం కూడా సాధ్యం కాదని వాదించాడు. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ మతాన్ని ఖండించింది. తర్వాత క్రైస్తవులు ఎన్ని శాఖలుగా చీలినా, స్వప్రయత్నంతోనే రక్షణ అన్న మాటను ప్రధాన శాఖలేవీ అంగీకరించలేదు.

జైన పవిత్రగ్రంథాలైన ఆగమాల్లో ఒకటైన ఉపాసకదశాసూత్రంలో సద్దాలపుత్రుడనే కుమ్మరి కథ ఉంది. అతడు ఆజీవికుల అనుయాయి, అంటే అంతా నియతి ప్రకారమే జరుగుతుందని, మనిషి ప్రయత్నానికి విలువ లేదని నమ్మేవాడు. అతడు ఆరబెట్టిన కుండలను చూసి మహావీరుడు, ఇవి ప్రయత్నంతో తయారైనవా, ప్రయత్నం లేకుండానే తయారైనవా అని అడిగాడు. ప్రయత్నం లేకుండానే అని కుమ్మరి తన సిద్ధాంతం ప్రకారమే జవాబిచ్చాడు. అయితే ఎవరైనా వచ్చి నీ కుండలు పగలగొడితే ఏం చేస్తావని మహావీరుడు మళ్ళీ అడిగాడు. పట్టుకుని తంతానన్నాడు కుమ్మరి. అంతా నియతే అయితే తన్నడానికి నీకు కారణమేదని మహావీరుడు అడిగేసరికి అతనికి కళ్ళు తెరుచుకున్నాయి. ఆజీవికుల నియతీ, క్రైస్తవుల కృపా ఒకటి కావు. అయినా మనిషి పురుషకారం (స్వప్రయత్నం) మీద జైనం ఎంత బరువు పెట్టిందో ఈ కథలో కనిపిస్తుంది. నీ పని నీది కాదంటే, నీ తప్పు కూడా నీది కాకుండా పోతుంది.

అగస్టీన్ వాదన చదివినప్పుడు ఇది నా జీవితమే అనిపించిందా? లేక కుమ్మరి కథ చదివినప్పుడు ఇదే న్యాయం అనిపించిందా? ఈ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోగలిగితే మీ ఎంపికలో సగం పని పూర్తయినట్టే.

సిలువ మీది దొంగ, శోకించిన శిష్యుడు

లూకా సువార్తలో యేసుతో పాటు సిలువ వేయబడిన నేరస్థుడొకడు, తమకు జరుగుతున్నది న్యాయమైన శిక్షేనని ఒప్పుకుని, నీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకోమని అడుగుతాడు. ఆ రోజే నీవు నాతో పరదైసులో ఉంటావని యేసు మాట ఇస్తాడు. అతనికి దిద్దుకోవడానికి సమయం లేదు, దానం చేయడానికి చేతులు లేవు, బాప్తిస్మం లేదు, చేసిన హాని సరిచేసే అవకాశమూ లేదు. అతడు ఇవ్వగలిగింది ఒక ఒప్పుకోలు, ఒక నమ్మకం మాత్రమే. క్రైస్తవ రక్షణకు ఇంతకంటే స్పష్టమైన చిత్రం మరొకటి లేదు.

జైనంలో దీనికి ఎదురుగా నిలిచే వృత్తాంతం ఇంద్రభూతి గౌతముడిది. అతడు మహావీరుని ప్రథమ గణధరుడు, అంటే ముఖ్య శిష్యుడు, గురువు మీద అంతులేని ప్రేమ కలవాడు. తన తర్వాత వచ్చినవారు కేవలజ్ఞానం పొందుతున్నా అతనికి మాత్రం అది కలగలేదు. జైనంలోని రెండు ప్రధాన శాఖల్లో ఒకటైన శ్వేతాంబర సంప్రదాయం ప్రకారం మహావీరుడు పావాపురిలో నిర్వాణం పొందిన రాత్రి గౌతముడు ఆయన ఆజ్ఞ మీదనే వేరే ఊరిలో ఉన్నాడు. వార్త విని శోకించాడు. ఆ శోకంలోనే, ఏ రాగమూ లేని వీతరాగుడైన గురువును పట్టుకుని రాగం పెంచుకున్నది తానేనని గ్రహించాడు. ఆ బంధం తెగిన క్షణంలో అతనికి కేవలజ్ఞానం కలిగింది. సంప్రదాయం క్రీ.పూ. 527గా చెప్పే ఆ దీపావళి అమావాస్య రాత్రిని జైనులు ఈనాటికీ గురువు నిర్వాణం కోసమూ, శిష్యుని జ్ఞానం కోసమూ స్మరిస్తారు.

ఒక మార్గంలో ప్రభువును పట్టుకున్నవాడు తరించాడు. మరో మార్గంలో గురువును వదలగలిగినవాడు తరించాడు. క్రైస్తవునికి క్రీస్తు మీది ప్రేమ మార్గమూ గమ్యమూ కూడా. జైనునికి తీర్థంకరుని మీది ప్రేమ మంచిదే, మొదట్లో అవసరమే, కానీ అది చివరికి విడవవలసిన సన్నని సంకెల. జైనులు నమోకార మంత్రంలో అరిహంతులకు (కేవలజ్ఞానం పొందినవారికి), సిద్ధులకు (మోక్షం పొందినవారికి) నమస్కరిస్తారు గాని వారి నుంచి ఏమీ అడగరు. అడిగినా ఇవ్వడానికి వారిలో రాగం లేదు. భక్తిలో పెరిగిన మన తెలుగు మనసుకు ఇది కొరుకుడు పడటం కష్టం. జైనం వైపు ఆకర్షితులయ్యేవారు మొదట ఈ సంగతితోనే కొంతకాలం గడపాలి.

కాలం, గమ్యం

క్రైస్తవంలో ఈ ఒక్క జన్మే. మనుష్యులు ఒక్కసారే మృతిపొందుతారని, ఆ తర్వాత తీర్పని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. అందువల్ల నిర్ణయానికి తొందర ఉంది, ఫలానికి హామీ కూడా ఉంది. జైనంలో జన్మలు లెక్కలేనన్ని. నరకం భయంకరమైనదే, అతిదీర్ఘమైనదే గాని శాశ్వతం కాదు. నిత్యనరకం అన్న ఆలోచన దగ్గర ఆగిపోయే చదువరికి ఇది పెద్ద ఊరట. అయితే జైనం వైపు కూడా ఒక గట్టి మాట ఉంది, దాన్ని చాలా పరిచయ వ్యాసాలు దాటవేస్తాయి. ఇప్పుడు నడుస్తున్నది జైన కాలచక్రంలో ఐదోదైన, 21,000 ఏళ్ళ పంచమకాలం. మహావీరుని పరంపరలోని జంబూస్వామి తర్వాత, మనముండే ఈ భరతక్షేత్రం నుంచి ఎవరూ నేరుగా మోక్షం పొందలేదు, ఈ కాలంలో పొందరు కూడా అని సంప్రదాయం చెబుతుంది. అంటే శ్రీకాకుళంలో ఈరోజు గృహస్థులకు చెప్పిన అణువ్రతం పట్టే మనిషికి ఈ జన్మలో మోక్షం దొరకదు. కర్మ తగ్గుతుంది, దృష్టి సరిపడుతుంది, రాబోయే జన్మకు దారి పడుతుంది. ఈ జన్మలోనే నిశ్చయం కావాలనుకునేవారు ఈ మాట ముందే తెలుసుకోవడం మంచిది.

గమ్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. సిద్ధుడు లోకాగ్రాన, శరీరం లేకుండా, ఎవరిలోనూ లీనం కాకుండా, ఎవరి మీదా ఆధారపడకుండా, అనంత జ్ఞానంతో ఉంటాడు. అతనికి ఇతరులతో వ్యవహారం లేదు. క్రైస్తవుని నిరీక్షణ శరీర పునరుత్థానం, నూతన సృష్టి, దేవునితోనూ పరిశుద్ధులతోనూ సహవాసం. పోయిన బిడ్డను తిరిగి చూస్తానన్న ఆశ తల్లికి ఏ మార్గంలో ఉందని ఎవరైనా అడిగితే, జవాబు సూటిగా క్రైస్తవమే. ఆ ఆశనే బంధంగా గుర్తించి దాని నుంచి శాంతి కోరేవారికి జైనం.

బతుకుతెరువు దగ్గర

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో వేట మీద బతికే కుటుంబాలకు ఈ ఎంపిక పుస్తకాల చర్చ కాదు. జైన గణన ప్రకారం చేప ఐదు ఇంద్రియాలు గల జీవి, మనకు నొప్పి ఎంతో దానికీ అంతే. గృహస్థుకు జైనం కొంత వెసులుబాటు ఇచ్చింది. వంటలో, ఇంటిపనిలో, సాగులో, వృత్తిలో, ఆత్మరక్షణలో తప్పనిసరిగా జరిగే హింసను తగ్గించుకోమంటుంది, సంకల్పించి చేసే హింసను పూర్తిగా మానమంటుంది. మడ్డువలస ఆయకట్టులో వరి పండించే రైతు దుక్కిలో పురుగు చస్తుందని కుంగిపోనక్కరలేదు, జాగ్రత్త పడితే చాలు. వల వేసేవారికి మాత్రం ఆ వెసులుబాటు చాలదు, ఎందుకంటే అక్కడ చంపడమే పని. గలిలయ సముద్రం దగ్గర యేసు పిలిచిన మొదటి శిష్యులు జాలరులే. వారిని పిలవడానికి ముందు వేట మానాలని ఆయన షరతు పెట్టలేదు. ఇందులో ఏది గొప్పదని నేను తీర్పు చెప్పను. చేప నొప్పిని లెక్కలోకి తీసుకున్న మతం మనిషికి కష్టమైంది, మనిషి కష్టాన్ని ముందు లెక్కలోకి తీసుకున్న మతం చేప గురించి ఎక్కువ మాట్లాడలేదు. మీ అంతరాత్మ ఈ రెండింటిలో దేన్ని భరించలేకపోతున్నదో చూసుకోండి.

క్షమాపణ విషయంలో మాత్రం ఇవి ఊహించినదానికంటే దగ్గరగా ఉన్నాయి. ఏటా జరుపుకునే పర్యూషణ పర్వం చివర జైనులు ఒకరికొకరు మిచ్ఛామి దుక్కడం చెప్పుకుని, ఏడాదిలో తెలిసీ తెలియకా చేసిన నొప్పికి క్షమాపణ కోరతారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. కృపను నమ్మినవారు హానిని సరిచేయనక్కరలేదన్న అపోహతో ఎవరూ క్రైస్తవాన్ని ఎంచుకోకూడదు, అలాగే అదే అపోహతో దాన్ని తిరస్కరించనూ కూడదు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక స్పష్టంగానే చెప్పింది. విశ్వాసం, క్రియల మీద శతాబ్దాలుగా విడిపోయిన కతోలికులు, లూథరన్లు కూడా 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో, నీతిమంతులుగా తీర్చబడటం కృప వల్లనేనని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు.

లోపలి తేడాలు కూడా తెలిసి ఉండాలి. కతోలికులు సంస్కారాలకు, మరణానంతర శుద్ధీకరణకు స్థానమిస్తారు, బాప్టిస్టులు విశ్వసించినవారికే ముంచి బాప్తిస్మం ఇస్తారు, లూథరన్లు పసిబిడ్డలకూ ఇస్తారు. జైనంలో స్త్రీ ఆ జన్మలోనే మోక్షం పొందగలదని శ్వేతాంబరులు అంటారు, 19వ తీర్థంకరుడైన మల్లి స్త్రీయేనని వారి నమ్మకం. దిగంబరులు ఈ రెండింటినీ ఒప్పుకోరు. చదువుకున్న మన ఆడపిల్లలు ఈ ప్రశ్న తప్పక అడగాలి, సమాధానం చెప్పేవారు ఏ శాఖవారో తెలుసుకుని మరీ అడగాలి.

నిర్ణయానికి వచ్చేటప్పుడు

నా సలహా ఇది. మీరు మీ చేత్తో చేసిన కీడును తలచుకున్నప్పుడు, దీన్ని నేను ఎంత తుడిచినా పోదు, ఎవరైనా నన్ను ఎత్తితే తప్ప లేవలేను అనిపిస్తే, క్రైస్తవం మీ రోగాన్ని సరిగా గుర్తించింది. నా కీడును మరొకరు, అందులోనూ నిర్దోషి, మోయడం న్యాయం కాదు, నేనే మోసి నేనే దించుకోవాలి అనిపిస్తే, జైనం మీ మాటే చెబుతోంది. మొదటివారు తపస్సు గొప్పదనం చూసి జైనం వైపు వెళితే రెండేళ్ళలో అలసిపోతారు. రెండోవారు సంఘంలోని ఆప్యాయత చూసి బాప్తిస్మం తీసుకుంటే సిలువ బోధ విన్న ప్రతిసారీ లోపల ఇబ్బంది పడతారు. అవతలివారి మంచితనం, పాటల మాధుర్యం, ఆసుపత్రిలో చేసిన సాయం, అన్నీ కృతజ్ఞత చూపవలసినవే గాని, మోక్షమార్గాన్ని నిర్ణయించవలసినవి కావు.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గంలోకి వస్తారు. సవర, జాతాపు వంటి గిరిజనుల ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. వివాహం విషయంలో జైనులకు 1955 హిందూ వివాహ చట్టం, క్రైస్తవులకు 1872 క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తాయి.

మన జిల్లాల్లో జైన బోధ తెలుగులో దొరకడం కష్టం. బజార్లలో స్థిరపడిన రాజస్థానీ, గుజరాతీ కుటుంబాల్లోని జైనులను అడిగితే, వానాకాలం నాలుగు నెలలూ సాధువులు, సాధ్వులు చాతుర్మాసానికి దగ్గర్లో ఎక్కడ ఆగారో చెబుతారు. మీ వృత్తి, మీ ఇంటి తిండి దాచకుండా చెప్పి, ఏ వ్రతం ఎంతవరకు సాధ్యమో వారినే అడగండి. క్రైస్తవం వైపు చూసేవారు లూకా సువార్తనూ రోమీయులకు రాసిన పత్రికనూ మొత్తంగా చదివి, అర్థం కాని చోట్లు గుర్తు పెట్టుకుని పాస్టరుగారి దగ్గర కూర్చోండి. జైన వ్రతాన్ని ఒక రోజుకు, ఒక పక్షానికి, ఒక చాతుర్మాసానికి పరిమితం చేసి పట్టే వీలుంది. నలభై ఎనిమిది నిమిషాల సామాయికంతో (సమభావంతో కూర్చుని చేసే ధ్యానంతో) కూడా మొదలుపెట్టవచ్చు. బాప్తిస్మం అలా కాదు, అది జీవితంలో ఒకేసారి తీసుకునేది. కనుక రెండింటి మధ్య ఇంకా ఊగిసలాడుతున్నవారు వ్రతాన్ని గడువు పెట్టుకుని ఆచరించి చూడవచ్చు గాని, బాప్తిస్మానికి మాత్రం సందేహం తీరేదాకా తేదీ అడగవద్దు. ఎవరు తొందరపెట్టినా సరే.